వరిచేల స్కిప్పర్: ఉత్తరాంధ్రలో ఒక గడ్డి సీతాకోకచిలుక చరిత్ర

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వరిమళ్లలో, చెరువు గట్ల మీద, గెడ్డల ఒడ్డున పెరిగే గడ్డిలో తరచుగా కనిపించే చిన్న గోధుమరంగు సీతాకోకచిలుక వరి స్కిప్పర్. దీని శాస్త్రీయ నామం పెలోపిడాస్ మథియాస్. రెక్కలు చాపితే ఈ కొస నుంచి ఆ కొసకు మూడున్నర సెంటీమీటర్లు అటూ ఇటూగా ఉంటుంది. ఒళ్లు బలంగా, తల వెడల్పుగా, కళ్లు పెద్దవిగా ఉంటాయి. ఎగిరితే చూపుకు అందదు. వాలితే ముందురెక్కలను సగం ఎత్తి, వెనుకరెక్కలను పరిచి కూర్చుంటుంది. రంగుల హంగు లేకపోవడం వల్ల, ఒళ్లు మందంగా ఉండడం వల్ల దీన్ని చిమ్మట అనుకునేవారే ఎక్కువ.

ఇది స్కిప్పర్లు అని పిలిచే హెస్పెరిడే కుటుంబానికి చెందినది. ఆ కుటుంబాన్ని 1809లో ఫ్రెంచి శాస్త్రవేత్త లాత్రెయ్ ఏర్పరిచాడు. ప్రపంచంలో ఈ కుటుంబపు జాతులు 3,500కు మించి ఉండగా, భారతదేశంలో మూడు వందలకు పైగా ఉన్నాయి. మీసాల కొస కొక్కెంలా వంగి ఉండడం వీటిలో చాలావాటికి ఉమ్మడి లక్షణం. వీటిలో పెద్ద భాగం గడ్డిజాతి మొక్కల మీదే బతుకుతుంది. మనుషులు సాగుచేసే వరి, చెరకు, జొన్న, మొక్కజొన్న కూడా గడ్డిజాతి మొక్కలే కాబట్టి ఈ పురుగుల చరిత్ర వ్యవసాయ చరిత్రతో ముడిపడింది.

ఉత్తరాంధ్రలో వరి స్కిప్పర్ గురించిన తెలివిడి రెండు దారుల్లో పెరిగింది. రైతులకు తెలిసింది ఆకును కొరికే పచ్చపురుగు. పండితులకు తెలిసింది సూదికి గుచ్చి పెట్టెలో దాచిన రెక్కల పురుగు. రెండూ ఒకే ప్రాణి అన్న ఎరుక పుస్తకాల్లో స్థిరపడి, పొలం పనికి ఉపయోగపడింది ఇరవయ్యో శతాబ్దంలోనే.

గడ్డి నుంచి వరికి

ఈ రెండు జిల్లాల నేల ఒకే తీరుగా ఉండదు. పడమట తూర్పు కనుమల వాలు, దాని కింద ఎర్రనేలల మెట్టలు, గరువులు, వాటి మధ్య పల్లాల్లో చెరువులు, బందల కింద వరిమళ్లు, తూర్పున ఇసుక తీరం. వంశధార, నాగావళి, చంపావతి, సువర్ణముఖి, వేగవతి వంటి నదులు కనుమల నుంచి దిగి తక్కువ దూరంలోనే సముద్రం వైపు సాగుతాయి. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు కాస్త పైగా వాన పడినా, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి అక్టోబరు దాకానే కురుస్తుంది.

కాలువలు రాకముందు ఇక్కడి వరిసాగు చాలావరకు వానకూ చెరువుకూ కట్టుబడి ఉండేది. 1802లో శాశ్వత శిస్తు పద్ధతి అమలయ్యాక విజయనగరం, బొబ్బిలి వంటి జమీందారీల కింద ఉన్న భూముల్లో చెరువుల మరమ్మతు జమీందార్ల చేతిలోకి వెళ్లింది. మరమ్మతు జరిగిన చోట పల్లపు మడి నిండింది, జరగని చోట చెరువు పూడి తుంగా గడ్డీ పెరిగాయి. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశకంలో నాగావళి మీద తోటపల్లి వద్ద రెగ్యులేటర్, 1970లలో వంశధార మీద గొట్టా బ్యారేజీ వచ్చాక కాలువ కింద ఒకే తీరున పచ్చగా పరుచుకున్న వరిచేలు పెరిగాయి. మధ్యలో 1948 ఎస్టేట్ల రద్దు చట్టం జమీందారీలను తొలగించింది.

వరి స్కిప్పర్‌కు ఈ మార్పులన్నీ మేత మార్పులే. వరి లేని నెలల్లో ఇది గెడ్డల ఒడ్డున రెల్లు మీదా, గట్ల మీది దర్భ మీదా బతుకుతుంది. చెరకు ఉన్నచోట దాని మీదా గుడ్లు పెడుతుంది. జూలై, ఆగస్టుల్లో ఉభాలు పూర్తయి నాట్లు నిలదొక్కుకున్నాక లేత వరి ఆకు విస్తారంగా దొరుకుతుంది. అందువల్ల వరిచేలో దీని గొంగళిపురుగులు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఎక్కువగా కనిపిస్తాయి. గట్టు గడ్డి ఈ సీతాకోకచిలుకకు వేసవి మజిలీ, వరిమడి వానాకాలపు మేత.

తీరంలో ప్రకృతి శాస్త్రజ్ఞులు

పద్దెనిమిదో శతాబ్దంలో కోరమాండల్ తీరం ఐరోపా ప్రకృతి శాస్త్రానికి నమూనాలు పంపే పెద్ద వనరుగా మారింది. డచ్చివారి స్థావరం భీమునిపట్నంలో, ఇంగ్లిషువారి స్థావరం విశాఖపట్నంలో, డేనిష్‌వారి స్థావరం దక్షిణాన తరంగంబాడిలో ఉండేవి. పీటర్ క్రామర్ మొదలుపెట్టగా 1775 నుంచి 1782 దాకా ఆమ్‌స్టర్‌డామ్‌లో వెలువడిన రంగుల సీతాకోకచిలుకల గ్రంథంలో కోరమాండల్ తీరం నుంచి చేరిన జాతులు కూడా చోటుచేసుకున్నాయి.

ఈ రంగంలో మొదట చెప్పుకోవలసిన పేరు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్. స్వీడన్‌లో లినేయస్ వద్ద చదివి, 1768లో తరంగంబాడికి వచ్చాడు. 1778లో ఈస్టిండియా కంపెనీ కొలువులో ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా చేరాడు. మొక్కలతోపాటు పురుగులనూ సేకరించి ఐరోపాకు పంపేవాడు. 1785లో ఇప్పటి కాకినాడలో భాగమైన జగన్నాథపురంలో మరణించాడు. చివరి రోజుల్లో ఆయనను చూసుకున్నవాడు సామర్లకోటలో పనిచేస్తున్న విలియం రాక్స్‌బర్గ్.

కోనిగ్ తరవాత ఆ పదవికి వచ్చిన పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలోనే ఉన్నాడు. తన తమ్ముడు క్లాడ్ రస్సెల్ ఇక్కడ కంపెనీ అధికారి కావడంతో 1780ల మొదట్లో వచ్చి, 1789లో ఇంగ్లండుకు తిరిగి వెళ్లాడు. కోరమాండల్ పాముల మీద ఆయన గ్రంథం 1796లోనూ, విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల మీద గ్రంథం 1803లోనూ వచ్చాయి. ఆ చేపల వివరణల్లో జాలరులు వాడే తెలుగు పేర్లు కూడా చేరాయి. పాము కాటు ప్రాణాల మీదికి తెస్తుంది, చేప సంతలో అమ్ముడవుతుంది. కంపెనీ ఆ రెండింటి మీద ఖర్చు పెట్టడానికి కారణాలు ఉన్నాయి. గడ్డిలో ఎగిరే గోధుమరంగు సీతాకోకచిలుకకు అలాంటి గిరాకీ లేదు. ఇక్కడి తీరం మీద దానికంటూ ప్రత్యేక గ్రంథం రాలేదు.

దానికి పేరు పెట్టినవాడు ఈ దేశంలో అడుగుపెట్టని డేనిష్ శాస్త్రవేత్త యోహాన్ క్రిస్టియన్ ఫాబ్రిసియస్. ఆయనా లినేయస్ శిష్యుడే, కీల్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. కోనిగ్ పంపిన పురుగుల్లో చాలావాటిని ఆయనే వర్ణించాడు. 1792 నుంచి కొన్ని సంపుటాలుగా వచ్చిన తన కీటక గ్రంథానికి 1798లో వెలువరించిన అనుబంధంలో తరంగంబాడి నమూనా ఆధారంగా ఈ జాతిని హెస్పెరియా మథియాస్ అని పేర్కొన్నాడు. ఉత్తరాంధ్రలో నేటికీ కనిపించే మరికొన్ని స్కిప్పర్లకు కూడా పేర్లు ఆయన పెట్టినవే. వరిగట్ల మీది చిన్న పసుపు స్కిప్పర్ ఆంపిటియా డయాస్కోరిడీస్, గడ్డిమైదానాల తెల్లచుక్కల స్కిప్పర్ టారాక్ట్రోసెరా మేవియస్ 1793లో, తాటి, ఈత, కొబ్బరి ఆకుల మీద పెరిగే సుయాస్టస్ గ్రేమియస్ 1798లో శాస్త్రలోకానికి పరిచయమయ్యాయి.

ఆలస్యంగా వచ్చిన పుస్తకాలు

పంతొమ్మిదో శతాబ్దంలో భారతీయ సీతాకోకచిలుకల మీద పెద్ద గ్రంథాలు మొదలయ్యాయి. అయితే స్కిప్పర్లు ప్రతిసారీ చివరి వంతుకే మిగిలాయి. మార్షల్, డి నిసెవిల్ మొదలుపెట్టిన గ్రంథం 1882, 1890 మధ్య మూడు సంపుటాలుగా వచ్చి స్కిప్పర్ల దాకా రాకుండానే ఆగింది. బింగ్‌హామ్ 1905లోనూ 1907లోనూ వెలువరించిన రెండు సంపుటాలకూ అదే గతి పట్టింది. ఫ్రెడరిక్ మూర్ 1890లో ఆరంభించిన లెపిడాప్టెరా ఇండికాను ఆయన మరణం తరవాత చార్లెస్ స్విన్హో పూర్తిచేశాడు. అందులో స్కిప్పర్లు చివరి భాగంలో చేరాయి. ఈ ఖాళీలో మద్రాసు నుంచే వచ్చిన ఒక పుస్తకం ఉపయోగపడింది. ఇ. వై. వాట్సన్ అనే సైనికాధికారి భారత, బర్మా, సింహళ స్కిప్పర్ల గురించి అప్పటిదాకా అక్కడక్కడా అచ్చయిన వర్ణనలను ఏరి 1891లో ఒకచోట ముద్రింపించాడు.

స్కిప్పర్లను వెనక్కి నెట్టినది వాటి పోలికే. గోధుమరంగు రెక్క మీద నాలుగైదు తెల్లచుక్కలున్న జాతులు డజన్ల కొద్దీ ఉన్నాయి. చుక్క ఒకటి అటూ ఇటూ అయితే జాతి మారుతుంది. ఒకే జాతిలో వానాకాలపు పురుగుకూ ఎండాకాలపు పురుగుకూ చుక్కల పరిమాణం మారుతుంది. ఈ గందరగోళంలో మథియాస్ ఒక ప్రజాతి నుంచి మరొకదానికి తిరుగుతూ వచ్చింది. ఫాబ్రిసియస్ హెస్పెరియా తరవాత చాప్రా, పార్నారా, బావోరిస్ అన్న ప్రజాతుల కింద వేర్వేరు గ్రంథాల్లో కనిపిస్తుంది. చివరికి వాకర్ 1870లో ఏర్పరచిన పెలోపిడాస్ కింద స్థిరపడింది.

ఈ చిక్కును చాలావరకు విప్పినవాడు బ్రిగేడియర్ విలియం హ్యారీ ఎవాన్స్. భారత సైన్యంలో పనిచేస్తూ ఆయన రాసిన భారతీయ సీతాకోకచిలుకల గుర్తింపు పుస్తకం 1927లో వచ్చింది, 1932లో మళ్లీ అచ్చయింది. బొమ్మ చూసి పోల్చుకునే పద్ధతి బదులు, లక్షణాలను ఒక్కొక్కటిగా తేల్చుకుంటూ జాతి దాకా చేరే పట్టికలను ఆయన ఇచ్చాడు. పదవీ విరమణ తరవాత లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో కూర్చుని స్కిప్పర్ల జననాంగాలను సూక్ష్మదర్శిని కింద పరీక్షించాడు. ఐరోపా, ఆసియా, ఆస్ట్రేలియా స్కిప్పర్ల మీద ఆయన సూచీగ్రంథం 1949లో వెలువడింది. 1957లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ ప్రచురించిన విన్టర్-బ్లైత్ పుస్తకం ఈ విజ్ఞానాన్ని మామూలు పాఠకుడికి అందించింది. 2008లో ఐజాక్ కెహిమ్కర్ ఛాయాచిత్రాల పుస్తకం వచ్చాక కెమెరాతోనే గుర్తించే కాలం మొదలైంది.

పాత నమూనాల చీటీలు చదివేటప్పుడు ఈ ప్రాంతపు పాలనా చరిత్రను గుర్తుపెట్టుకోవాలి. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట గంజాం జిల్లాలో ఉండేవి. బొబ్బిలి, పార్వతీపురం, పాలకొండ విశాఖపట్నం జిల్లాలోవి. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో, పార్వతీపురం మన్యం జిల్లా 2022లో ఏర్పడ్డాయి. కాబట్టి ఒక చీటీ మీద గంజాం అని ఉంటే ఆ పురుగు నేటి ఆంధ్రలోదో ఒడిశాలోదో చెప్పలేము. విశాఖపట్నం అని ఉంటే అది తీరపు ఇసుకలోదైనా కావచ్చు, ఇప్పుడు ఒడిశాలో ఉన్న జయపురం కొండల్లోదైనా కావచ్చు.

పొలంలోకి వచ్చిన శాస్త్రం

1869లో కార్మైకేల్ రాసిన విశాఖపట్నం జిల్లా మాన్యువల్, 1882లో మాల్ట్‌బీ రాసిన గంజాం మాన్యువల్, 1907లో ఫ్రాన్సిస్ రాసిన విశాఖపట్నం గెజెటీర్ ఈ ప్రాంతపు పాలన, భూమిశిస్తు, పంటల చరిత్రకు ఆధార గ్రంథాలు. పంట పురుగుల మీద విడిగా పరిశోధన మొదలైంది వ్యవసాయ శాఖలు బలపడ్డాకే. 1905లో బిహార్‌లోని పూసాలో ఇంపీరియల్ పరిశోధన సంస్థ ఏర్పడింది. అక్కడి కీటక శాస్త్రజ్ఞుడు మాక్స్‌వెల్-లెఫ్రాయ్ 1906లో పంట పురుగుల మీద, 1909లో భారతీయ కీటకాల మీద పుస్తకాలు రాశాడు. మద్రాసు రాష్ట్రంలో ఈ పరిశోధనకు కేంద్రం కోయంబత్తూరు. అక్కడ పనిచేసిన బైన్‌బ్రిగ్ ఫ్లెచర్ దక్షిణ భారత కీటకాల పుస్తకాన్ని 1914లో, టి. వి. రామకృష్ణ అయ్యర్ దక్షిణ భారత ఆర్థిక కీటక శాస్త్ర చేపుస్తకాన్ని 1940లో వెలువరించారు. ఆ తరం వ్యవసాయ రచనల్లో వరి స్కిప్పర్ పార్నారా మథియాస్ పేరుతో కనిపిస్తుంది. రైతుకు తెలిసిన పచ్చపురుగూ పండితుడి పెట్టెలోని రెక్కలూ ఒకే పుటలో కలిసింది ఇలాంటి పుస్తకాల్లోనే.

స్వాతంత్ర్యం తరవాత ఈ పని విశ్వవిద్యాలయాల చేతికి వచ్చింది. 1964లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం తరవాత ఆచార్య ఎన్.జి. రంగా పేరు పొందింది. దాని పరిధిలో శ్రీకాకుళం సమీపాన రాగోలులో వరి పరిశోధన, విజయనగరంలో చోడి వంటి చిరుధాన్యాల పరిశోధన సాగుతున్నాయి. శ్రీకాకుళం సన్నాలు రాగోలులో రూపొందిన వరి వంగడమే.

పురుగు బతుకు, ఆకు గుర్తులు

ఆడ స్కిప్పర్ ఆకు మీద ఒక్కొక్క గుడ్డునే విడిగా పెడుతుంది. గుడ్డు గుమ్మటంలా ఉంటుంది. నాలుగైదు రోజుల్లో పొదిగి వచ్చిన పిల్ల ఆకు అంచులను పట్టుదారంతో లాగి కట్టి గొట్టంలా చేసుకుని అందులో దాగుతుంది. ఎదిగే కొద్దీ పెద్ద గొట్టం కట్టుకుంటుంది. బయటికి వచ్చి ఆకును అంచు నుంచి లోపలికి కొరుకుతూ నడి ఈనెను మిగులుస్తుంది. ఒళ్లు లేత ఆకుపచ్చ, తల లేత రంగు, తలకు రెండు పక్కలా ఎర్రటి గోధుమరంగు చార. నిండుగా ఎదిగితే నాలుగైదు సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. శరీరం చివర ఉండే దువ్వెన వంటి అమరికతో పెంటికను దూరంగా విసురుతుంది. పెంటిక వాసన పట్టుకుని వచ్చే కందిరీగల నుంచి అది ఒక రక్షణ. ప్యూపా దశకు ముందు పొట్ట కింద తెల్లటి మైనపు పొడి ఏర్పడుతుంది. ప్యూపా లేత ఆకుపచ్చగా, మూతి మొనదేలి, నడుముకు దారం చుట్టుకుని ఆకును అంటి ఉంటుంది. గుడ్డు నుంచి రెక్కలు వచ్చేదాకా సుమారు అయిదు వారాలు పడుతుంది.

వరిలో ఆకును చుట్టే పురుగు ఇదొక్కటే కాదు. ఆకుముడత పురుగు ఒక చిన్న చిమ్మట పిల్ల. ఆకును నిలువునా ముడిచి లోపల కూర్చుని పచ్చదనాన్ని గీకుతుంది. అందుకే ఆకు మీద తెల్లచారలు పడతాయి కానీ అంచు తెగదు. గొట్టాల పురుగు ఆకు కొసను కత్తిరించి గొట్టం చేసుకుని నీటి మీద తేలుతుంది. తలమీద రెండు కొమ్ములతో, తోక చీలి కనిపించే పచ్చపురుగు మెలానిటిస్ లీడా అనే మరో సీతాకోకచిలుక పిల్ల. అది ఆకును చుట్టదు. అంచు నుంచి ఈనె దాకా కొరికిన ఆకు, పక్కనే పట్టుదారంతో కట్టిన గొట్టం, కొమ్ములు లేని తల కలిసి కనిపిస్తే అది స్కిప్పర్ పని.

నష్టం చాలావరకు స్వల్పమే. నారుమడిలోనూ కొత్త నాట్లలోనూ పురుగు ఎక్కువైతే దుబ్బు బలహీనపడుతుంది, తరవాత పిలకలు వేసి తేరుకుంటుంది. తాడును చేనుకు అడ్డంగా పట్టుకుని లాగి పురుగులను నీటిలో పడేయడం, గొట్టాలను చేత్తో ఏరడం, గట్టు గడ్డి కోయడం పాత పద్ధతులు. గుడ్ల మీద ట్రైకోగ్రామా, పిల్లల మీద ఇతర పరాన్నజీవి కందిరీగలు, చేలోని సాలీళ్లు, పిట్టలు వీటి సంఖ్యను అదుపులో ఉంచుతాయి.

మందుల కాలం

1960ల చివర పొట్టి వంగడాలు, నత్రజని ఎరువులు వచ్చాక వరిచేను దట్టంగా, మెత్తగా, ముదురు ఆకుపచ్చగా మారింది. ఆకు తినే పురుగులన్నిటికీ ఇది అనుకూలించింది. డీడీటీ, బీహెచ్‌సీ పొడులు విరివిగా చల్లారు. చేనంతా చల్లిన మందు పురుగుతోపాటు దాన్ని తినే కందిరీగలనూ సాలీళ్లనూ చంపింది. దాంతో స్కిప్పర్ వంటి చిన్న పురుగుల కంటే సుడిదోమ, ఆకుముడత పెద్ద సమస్యలుగా తేలాయి. ఉత్తరాంధ్రలో అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టినది ఉల్లికోడు. అప్పటిదాకా తట్టుకున్న వంగడాలను కూడా లొంగదీసిన నాలుగో రకం ఉల్లికోడు ఈ జిల్లాల్లోనే గుర్తింపు పొందింది. పరిశోధన శ్రద్ధ సహజంగానే అటు మళ్లింది. పంటలో డీడీటీ వాడకాన్ని 1989లో, బీహెచ్‌సీని 1997లో ప్రభుత్వం నిషేధించింది. 1990లలో రైతు పొలం బడుల ద్వారా సమగ్ర సస్యరక్షణ, 2016 నుంచి రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో ప్రకృతి వ్యవసాయం ప్రచారమయ్యాయి. ఈ రెండు పద్ధతుల్లోనూ మందు చల్లే ముందు పురుగును గుర్తించడం మొదటి మెట్టు.

పోలికగల జాతులు

మగ వరి స్కిప్పర్ ముందురెక్క పైభాగాన, తెల్లచుక్కల దిగువన బూడిద తెలుపు రంగులో ఏటవాలు గీత ఉంటుంది. అది వాసనపొలుసుల చార. ఆడదానికి గీత ఉండదు, ఆ చోట చిన్న చుక్కలు ఉంటాయి. వెనుకరెక్క అడుగున విల్లులా వంగిన వరసలో సన్నని తెల్లచుక్కలు, వాటికి లోపల విడిగా మరో చుక్క కనిపిస్తాయి. దీనికి దగ్గరి బంధువైన పెలోపిడాస్ ఆగ్నాలో గీత ఉండే తీరు కొద్దిగానే మారుతుంది కనుక ఆ రెండింటినీ ఫొటో ఒక్కదానితో విడదీయడం కష్టం.

వరిచేలలోనే తిరిగే బోర్బో సిన్నారా మగదానికి ఈ గీత ఉండదు. ఈ జాతిని 1866లో ఫార్మోసా నమూనాతో వర్ణించినవాడు పరిణామ సిద్ధాంతానికి డార్విన్‌తోపాటు పేరు పొందిన ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్. పార్నారా బాడా వీటికంటే చిన్నది, మీసాలు పొట్టి. ఆంపిటియా డయాస్కోరిడీస్ మగదాని రెక్కల మీద నారింజ పసుపు మచ్చలు వెడల్పుగా ఉంటాయి. మెట్టగడ్డిలో నేలకు దగ్గరగా ఎగిరే టారాక్ట్రోసెరా మేవియస్ ముదురు గోధుమ మీద తెల్లచుక్కలతో మిగతావాటికంటే బాగా చిన్నగా ఉంటుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కొబ్బరితోటల్లో కనిపించే సుయాస్టస్ గ్రేమియస్ వెనుకరెక్క అడుగుభాగం బూడిదరంగు, దాని మీద నల్లచుక్కలు. దాని పిల్ల గడ్డిని ముట్టదు, తాళజాతి ఆకులనే తింటుంది.

రెక్క పైభాగం, అడుగుభాగం, మగదాని గీత, వాలిన మొక్క, తేదీ, ఊరిపేరు కలిసి ఉన్న నమోదు మాత్రమే ఈ జాతుల విషయంలో పనికొస్తుంది. చేలో అయితే రెక్కల పురుగు లెక్క కంటే కొరికిన ఆకు లెక్కే ముఖ్యం. గట్టు మీద ఎన్ని స్కిప్పర్లు ఎగిరినా, దుబ్బుల్లో గొట్టాలు కొద్దిగానే ఉంటే మందు అవసరం రాదు.